నైట్ షిఫ్ట్ పువ్వు

పెళ్లై ఈ ఇంటికి వచ్చిన అయిదో రోజున మా మామకు విషం పెట్టాను.

కావాలని కాదు. ఆయనకు జలుబు చేసింది. అత్త రాబర్ట్‌సన్‌పేట బజారుకు పోయింది. నా భర్త మునేష్ తెల్లవారుజాము రైలుకే బెంగళూరుకు పనికి పోయాడు. కొత్త కోడలికి మంచి పేరు తెచ్చుకోవడానికి ఇంతకన్నా అదును దొరకదని మిరియాల చారు పెట్టడానికి పూనుకున్నాను. అలమరలో పాత హార్లిక్స్ సీసాలో నల్లటి గింజలు కనిపించాయి. మిరియాలే, కాకపోతే కాస్త లావుగా ఉన్నాయి. బంగారం పండిన ఊరు కదా, ఇక్కడ మిరియాలు కూడా ఘనంగానే ఉంటాయేమో అనుకున్నాను. దంచితే లోపల తెల్లటి పిండి వచ్చింది. అప్పుడైనా నా బుర్రకు తట్టలేదు. ఘాటు లేకపోయేసరికి, పాతబడ్డాయనుకుని ఇంకో చెంచాడు వేశాను.

మామ రెండు గ్లాసులు తాగి, "బాగుండాది మా, కారమే లేదు" అని మెచ్చుకున్నారు. గంట తిరక్కముందే చెంబు పట్టుకుని పరుగు మొదలుపెట్టారు. ఎనిమిదోసారికి నేను లెక్కపెట్టడం మానేసి ఏడవడం మొదలుపెట్టాను.

అత్త సంచులతో గుమ్మం ఎక్కుతూనే పొయ్యి పక్కనున్న సీసాను చూసింది.

"దీన్ని ఎవురు తీసింది?"

"నేనే అత్తా. చారుకు మిరియాలు..."

"మిరియాలా! చంద్రకాంత గింజలు కదమ్మా అవి! విత్తనాలకు ఎత్తిపెట్టుకుంటే చారు కాచినావా!"

సంచులు అక్కడే పడేసి ఆటో పిలిచింది. ఆసుపత్రిలో మామకు రెండు సీసాల సెలైన్ ఎక్కించారు. పొద్దుగూకే వేళకు ఆయన వాడిపోయిన మొహంతో ఇంటికి వచ్చి, మంచం మీద కూర్చుని, నన్ను చూసి ఒక్కసారిగా నవ్వారు. "గనిలో ముప్పై ఏండ్లు చావలేదు. ఇంట్లో రెండు గ్లాసులకే పోతాననుకుంటి కదా!" ఆ రోజు నుంచి మామకు నేను సవితను కాను, 'మిరియాలు'ను. అత్త మాత్రం నవ్వలేదు. ఆ సీసా మీద ఎర్ర దారం కట్టి, అటక మీద పెట్టి, నా వంక చూసి, "చదువుకున్న పిల్ల అనిరి" అంది. అంతే. అత్త మంచీ వేము తీపూ లేదంటారు. మా అత్త వేపాకు కూడా కాదు, వేపాకుకు అక్క.

ఆ అత్త పేరు గురువమ్మ. నేను రాయబోయేది ఆమె గురించే.

మా ఇల్లు కోలారు బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లో ఒక లైనులో ఉంది. లైను అంటే గని కార్మికుల కోసం వరసగా కట్టిన ఇళ్లు. ఒక గది, ఒక వంటిల్లు, రేకుల కప్పు, గుమ్మం ముందు రెండు మంచాలు పట్టేంత జాగా. ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఎంత పలచనంటే పక్కింట్లో పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు వస్తాయి. గనులు మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. రాయిని పిండి చేసి బంగారం తీసుకోగా మిగిలిన మన్ను కొండల్లా పడి ఉంది. వాటిని సైనైడ్ దిబ్బలు అంటారు. గాలి తిరిగితే ఆ దుమ్ము అన్నంలోకి కూడా వస్తుంది. అలాంటి నేలలో, మా గుమ్మం పక్కన, నడుము ఎత్తున గుబురుగా ఉంటుంది అత్త చంద్రకాంత చెట్టు.

అది నాకు తెలియని చెట్టేమీ కాదు. మా పుట్టింటి ఊరు టేకల్‌లోనూ కంచెల పక్కన మొలుస్తుంది. ఎవరూ పెంచరు, ఎవరూ పీకరు. పూలు చూశాను గానీ గింజల జోలికి ఎప్పుడూ పోలేదు, లేకపోతే మామకు ఆ గతి పట్టేదే కాదు. కన్నడం వాళ్లు దాన్ని సంజెమల్లిగె అంటారు. మా పక్కింటి తమిళావిడ అందిమందారై అంటుంది. ఈ లైనులో మాత్రం ఏ భాష వాళ్లయినా అందరూ కలిసి పెట్టుకున్న పేరు ఒకటుంది: నైట్ షిఫ్ట్ పువ్వు.

ఎందుకంటే అది చేసేది నైట్ షిఫ్టే. సాయంత్రం అయిదింటికి విచ్చుకుంటుంది. రాత్రంతా మేలుకుని ఉంటుంది. పొద్దున ఎండ తగిలేసరికి ముడుచుకుని పడుకుంటుంది. గనిలో రాత్రి పని చేసే మగవాళ్ల బతుకూ అంతే. పగలంతా నిద్రపోయి పువ్వు విచ్చుకునే వేళకు లేచేవాళ్లు. పువ్వు ముడుచుకునే వేళకు పైకొచ్చి ఇల్లు చేరేవాళ్లు. మా మామ దొడ్డమునియప్ప గనిలో టింబర్ పని చేశారు. సొరంగం కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ఆయనకు నైట్ షిఫ్ట్ ఎక్కువ పడేది.

అత్తది పుంగనూరు పక్క పల్లె. పద్దెనిమిదేళ్లకు పెళ్లై వచ్చేటప్పుడు వాళ్ల అమ్మ చంద్రకాంత వేరుగడ్డను ఒకదాన్ని కొంగులో కట్టి పంపిందట. "రాత్రిపూట భూమిలోకి దిగే మొగుడు నీకు. ఈ పువ్వు రాత్రంతా మేలుకోని ఉంటాది. అది కండ్లు తెరుచుకోని ఉన్నంతసేపు నీ మనిషికి ఏమీ కాదు" అని చెప్పిందట. ఆ పువ్వును ఈ ఇంట్లో దేవుడికి పెట్టరు, తల్లో పెట్టుకోరు. దాని పని కాపలా. కాపలా వాడిని పిలిచి వేరే పనులు చెప్పకూడదంటుంది అత్త.

ఇక వైద్యం సంగతి. పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. మా అత్త విషయంలో అది తిరగబడింది. సెగగడ్డ లేచిందంటే ఈ చుట్టుపక్కల నాలుగు లైన్ల వాళ్లు ఆమె దగ్గరికే వస్తారు. సాయంత్రం అయిదు దాటాకే రావాలి. పగలు వస్తే తిప్పి పంపేస్తుంది. పగలు చెట్టు పడుకుని ఉంటుందట, పడుకున్నదాన్ని గిల్లి ఆకు కొయ్యకూడదట. పువ్వు విచ్చుకున్నాక నాలుగు ముదురు ఆకులు కోసి, కడిగి, ఆముదం రాసి, పెనం మీద వాడుస్తుంది. వేడి తన ముంజేతి మీద చూసుకుని, గడ్డ మీద పరిచి, పాత నూలు చీర పీలికతో కడుతుంది. పొద్దున కట్టుకు కావలసిన ఆకులు కూడా అప్పుడే కోసి తడిగుడ్డలో చుట్టి పెడుతుంది. రెండో రోజుకో మూడో రోజుకో గడ్డ మెత్తబడి నోరు తెరుస్తుంది. తరవాత ఉప్పు వేసిన వేడినీళ్లతో కడగడం, శుభ్రంగా ఉంచడం. ఇంతే వైద్యం. కానీ ఆమె నిబంధనలు వినాలి. సుగర్ ఉంటే ముట్టుకోదు. జ్వరం ఉంటే ముట్టుకోదు. మొహం మీద గడ్డ ఐతే గుమ్మం కూడా ఎక్కనివ్వదు.

"ఆసుపత్రి యాడుండాదో తెలుసు కదా? పో. నా ఆకుకు తెలిసింది ఒకటే పని. దాని చేత అన్నీ చేయించేకి నేనేమి డాక్టరమ్మనా?"

కడుపులోకి మాత్రం ఆకు గానీ, వేరు గానీ, గింజ గానీ దేన్నీ పోనివ్వరాదు. ఈ మాట చెప్పిన ప్రతిసారీ నా వంక ఒకసారి చూస్తుంది.

డబ్బు తీసుకోదు. నయమైన వాళ్ల చేతిలో నాలుగు గింజలు పెట్టి, "యాడికి పోతే ఆడ నాటు" అంటుంది. గనులు మూతపడ్డాక లైన్లు ఖాళీ అయ్యాయి. జనం బెంగళూరుకు, హొసూరుకు, ఎక్కడెక్కడికో పోయారు. వాళ్ల పొట్లాల్లో అత్త గింజలూ పోయాయి. ఇప్పుడు వాళ్లు బాల్కనీ తొట్టెల్లో పూసిన పూల ఫోటోలు నా ఫోనుకు పంపుతారు. నేను చూపిస్తే అత్త కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "నీళ్లు జాస్తి పోస్తాండారు" అని తప్పు పడుతుంది. ఆ రాత్రి మాత్రం ఒక ముద్ద ఎక్కువ తింటుంది.

మా మామకు ఇష్టమైన కథ ఒకటుంది. ఇంటికి ఎవరొచ్చినా చెబుతారు. నేను ఇరవై సార్లైనా విని ఉంటాను.

ఒక రోజు తెల్లవారుజామున గనిలో ఏర్‌బ్లాస్ట్ అయింది. లోతున రాయి తనంతట తాను పగిలి విరుచుకుపడడాన్ని ఇక్కడ అలా అంటారు. పైన ఇళ్లలో గిన్నెలు దొర్లాయి. సైరన్ మోగింది. ఆడవాళ్లంతా గనిలోకి దిగే షాఫ్ట్ దగ్గరికి పరుగెత్తారు, గేటు దగ్గరే ఆపేశారు. మా మామ, ఇంకో ఆరుగురు కింద ఒక మూల చిక్కుకున్నారు. దారి మూసుకుపోయింది గానీ వాళ్లకు దెబ్బలు తగల్లేదు.

"మాకేమి! తెచ్చుకున్న సంగటి పంచుకోని తింటిమి. దారి తీసేదాకా చేసేది ఏముండాది? ఒక కునుకు కూడా తీస్తిమి. పదకొండింటికి కేజ్ లిఫ్టులో పైకి తెచ్చినారు. ఇంటికొచ్చి చూస్తే ఏముండాది? నా పెండ్లాము కోడిపెట్టను మూసినట్టు ఆ చెట్టు మీద గంప మూసి, దాని మీద తడి గోనె కప్పి, పక్కన కూసోని ఉండాది! ఎండ తగిలితే పువ్వు ముడుచుకుంటాదని! పువ్వు ముడుచుకుంటే నేను రానని!"

ఇక్కడ మామ తొడ చరుచుకుని నవ్వుతారు. వినేవాళ్లూ నవ్వుతారు. "గంప ఎత్తితే ఇంగా తెరుచుకోనే ఉండాయి పువ్వులు. సూర్యుణ్ణే మోసం చేసింది ఈ మనిషి!" అని ముగిస్తారు. ఆ రోజు ఇంకో చోట పనిలో ఉన్న ఇద్దరు పైకి రాలేదు. ఆ మాట ఎవరైనా ఎత్తితే మాత్రం ఆయన నవ్వు ఆగిపోతుంది.

ఈ కథ నడుస్తున్నంతసేపూ అత్త బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉంటుంది.

పోయిన ఏడాది శ్రావణం దాటాక నాకు మాలూరు నుంచి ఫోను వచ్చింది. పెళ్లికి ముందు నేను అక్కడ ఒక ఫ్యాక్టరీలో ఫోన్లకు చిన్న చిన్న భాగాలు బిగించే పని రెండేళ్లు చేశాను. నా చెయ్యి చురుకని పేరుండేది. అనుభవం ఉన్నవాళ్లు కావాలట, సోమవారం చేరాలట, కంపెనీ బస్సు ఇంటి దగ్గరికే వస్తుందట. కాకపోతే నైట్ షిఫ్ట్. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. నాలుగేళ్లుగా నేను ఈ ఇంట్లో 'మిరియాలు'ను. ఆ ఫ్యాక్టరీలో నేను సవితను, నా లైన్‌లో మొదటి కుర్చీ నాది. ఆ పేరు మళ్లీ నాకు కావాలి.

మునేష్‌ను అడిగాను. "నాకేమీ అడ్డం లేదు, అమ్మను అడుగు" అన్నాడు. మా ఆయన ఎప్పుడూ ఎవరికీ అడ్డం ఉండడు. అడ్డం ఉండే పనంతా వాళ్లమ్మకే వదిలేస్తాడు.

అత్త అప్పుడే చెట్టుకు నీళ్లు పోస్తోంది. నైట్ షిఫ్ట్ అన్న మాట వినగానే చెంబు కింద పెట్టింది.

"వొద్దు."

"బస్సు ఇంటి దగ్గరికే వస్తుంది అత్తా. అందరూ ఆడపిల్లలే..."

"ఇరవై రెండేండ్లు ఈ చెట్టును చూస్తా కూసున్నాను. గని మూసిన దినము ఊరంతా ఏడ్చింది. నేను మాత్రం లోపలికి పోయి తలుపేసుకోని, ఇంగ రాత్రిపూట నా ఇంట్లో నుంచి ఎవురూ పోరని దేవునికి దండం పెట్టినాను. ఇంగ నాకు శక్తి లేదు తల్లీ. ఆ మాట మళ్లా ఎత్తొద్దు."

నాకు కోపం వచ్చింది. ఆమె భయం ఆమెది, నా బతుకు నాది. ఆమె మొగుడు దిగింది భూమిలోకి, నేను పోయేది ఏసీ గదిలోకి. ఈ మాటలు పైకి అనలేదు గానీ గిన్నెలు కాస్త గట్టిగా తోమాను. మూడు రోజులు ఇద్దరం మాట్లాడుకోలేదు. పోయి తీరాలని మనసులో ముడి వేసుకున్నాను.

గురువారం పొద్దున లేచేసరికి కుడి మోకాలి వెనక నిమ్మకాయంత గడ్డ. కాలు చాపలేను, మడవలేను. ఫ్యాక్టరీలో చేరిన వాళ్లకు మొదటి నెల అంతా నిలబడి చేసే పని. సోమవారం కుంటుకుంటూ పోతే గేటు దగ్గరే తిప్పి పంపుతారు. రాబర్ట్‌సన్‌పేటలో డాక్టరుకు చూపిస్తే మాత్రలు రాసి, తగ్గకపోతే వారం తరవాత కోద్దామన్నాడు. నాకు వారం ఎక్కడుంది?

మందు గుమ్మం పక్కనే ఉంది. అడగడానికి నోరు రాలేదు. ఏ మొహం పెట్టుకుని అడగను? ఆమె వద్దన్న చోటికి పోవడానికి ఆమె చేతే కాలు బాగు చేయించుకోవాలి. చీర కుచ్చిళ్లు దించుకుని, కుంటు కనబడకుండా గోడ పట్టుకుని నడిచాను. ఈ ఇంట్లో ఏదైనా దాచడం అయ్యే పనేనా?

శుక్రవారం సాయంత్రం వంటింట్లో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఆముదం కాగే వాసన వచ్చింది. తలెత్తి చూస్తే అత్త పెనం మీద ఆకులు వాడుస్తోంది. ఈ రెండు రోజుల్లో గడ్డతో ఎవరూ రాలేదు.

"కాలు చాపు" అంది.

అబద్ధంతో నయం చేయించుకోవడం ఇష్టం లేక చెప్పేశాను. "అత్తా, నయమైతే నేను సోమవారం పోతాను."

"తెలుసు."

"మరి?"

"మరేంది? నువ్వు పోతావని ఆకు దాచిపెట్టుకుంటే నేనేమి మనిషిని? వొచ్చిన గడ్డకు వైద్యం చేసేది నా పని. యాడికి పోతావు, ఎందుకు పోతావు అని ఇన్నేండ్లలో ఎవుర్నీ అడగలేదు. నిన్నెందుకు అడగాల? చాపు కాలు."

ఆకు వేడివేడిగా తగిలింది. మొదట చురుక్కుమంది, తరవాత ఆ నొప్పి మెల్లగా కరుగుతున్నట్టు హాయిగా అనిపించింది. ఆమె కట్టు బిగిస్తూ ఉంటే తల వంచిన ఆమె పాపిడి కనబడింది, పూర్తిగా నెరిసిపోయింది. ఈమెనా నేను మూడు రోజులు తిట్టుకున్నది అని సిగ్గేసింది. ఉల్లిపాయల సాకుతో కళ్లు తుడుచుకున్నాను. ఆదివారం పొద్దునకు గడ్డ నోరు తెరిచింది. సోమవారం సాయంత్రం బస్సెక్కాను.

నేను పోయేటప్పుడు అత్త చెట్టుకు నీళ్లు పోస్తూనే ఉంది. పొద్దున ఏడింటికి వచ్చేసరికి చెట్టు పక్క అరుగు మీద కూర్చుని ఉంది. నా మొహం చూడకుండానే, "కాఫీ ఉండాది" అని లోపలికి పోయింది. ఆ వారమంతా అంతే. రోజూ అదే అరుగు, అదే కాఫీ, అదే మాట. మామ మాత్రం, "మే మిరియాలా, ఎన్ని ఫోన్లు చేస్తివి? మాకొకటి తేలేదా?" అని ఆటపట్టించేవారు. నాకు పని బాగానే సాగింది. వారం తిరిగేసరికి నా చెయ్యి పాత వేగం అందుకుంది. సూపర్‌వైజర్ పేరు పెట్టి పిలిచాడు. ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పాలనిపించింది గానీ ఎవరికి చెప్పను?

మూడో వారంలో ఒక బుధవారం పొద్దున డ్యూటీ దిగి వస్తుంటే మాలూరు దాటి బంగారుపేట రాకముందే బస్సు ఆగిపోయింది. ఇంజను ఏదో పెద్ద చప్పుడు చేసి చచ్చింది. ఇంకో బస్సు పంపుతామన్నారు. ఇదిగో అదిగో అంటూ ఎండ ఎక్కింది. ఆ రోజే నేను హడావుడిలో ఫోను ఫ్యాక్టరీ లాకర్లో మరిచిపోయాను. పక్క పిల్ల ఫోను తీసుకున్నాను. తీసుకుని ఏం లాభం? ఈ కాలంలో నంబర్లు ఎవరికి గుర్తుంటాయి? మా ఆయన నంబరు చివరి రెండంకెలు తారుమారు చేసి కొడితే ముళబాగిల్లో ఎవరో లారీ ఆయన ఎత్తి, "రాంగ్ నంబరు తల్లీ" అన్నాడు. రెండోసారీ ఆయనే ఎత్తాడు. మూడోసారి కొట్టడానికి సిగ్గేసి ఊరుకున్నాను.

అక్కడ రోడ్డు పక్కన కానుగ చెట్టు కింద నిలబడితే నాకు చెట్టే గుర్తొచ్చింది. ఏడున్నర, పువ్వులు ముడుచుకోవడం మొదలవుతుంది. ఎనిమిదిన్నర, ఒక్కటి కూడా ఉండదు. ఆ నమ్మకం నాది కాదు. నేను సైన్సు చదువుకున్నదాన్నే. అయినా గడియారం చూసిన ప్రతిసారీ భయం వేసింది. నాకేమో అవుతుందని కాదు, ముడుచుకున్న ఆ పువ్వుల ముందు ఒక ముసలామె కూర్చుని ఉంటుందని.

ఇంకో బస్సు వచ్చి, ఇల్లు చేరేసరికి పదిన్నర దాటింది. లైను మలుపు తిరగ్గానే మా గుమ్మం ముందు నల్లటి గొడుగు కనిపించింది.

గొడుగు పట్టుకుని నిలబడింది మామ. చెట్టు నీడలో ఉంది, ఆయన ఎండలో ఉన్నారు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. గొడుగు అందని పక్క ఎండ రాకుండా ఒక కర్రకు తడి గోనె వేలాడదీశారు. బ్లాస్ట్ నాటి ఆ పాత గంప కోళ్లను పొదగేయడానికి పోయి ఎన్నాళ్లయిందో. అత్త అరుగు మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. రోడ్డు వైపు చూడడం లేదు, పువ్వుల వైపే చూస్తోంది.

పువ్వులు తెరుచుకునే ఉన్నాయి. కాస్త వాడాయి గానీ ఎర్రవీ పసుపువీ అన్నీ తెరుచుకునే ఉన్నాయి.

"అత్తా" అన్నాను.

ఆమె తల తిప్పి చూసింది. నా తల నుంచి కాళ్ల దాకా ఒకసారి, మళ్లీ కాళ్ల నుంచి తల దాకా ఒకసారి. కొంగుతో మొహం తుడుచుకుంది, అదీ చాలాసేపు.

"బస్సు చెడిపోయింది. ఫోను లాకర్లో ఉండిపోయింది" అని గబగబా చెప్పుకొచ్చాను.

మామ 'మిరియాలా' అని పిలుస్తారనుకున్నాను. పిలవలేదు. గొడుగు ఇంకా దించలేదు కూడా. ఆయన నన్ను కాదు, అత్తను చూస్తున్నారు.

"మే గురువీ, ఆ దినము ఎంతసేపు కూసోని ఉంటివి నువ్వు?"

"ఏ దినము?"

"బ్లాస్ట్ దినము."

"పదకొండు దాకా."

"ఒంటిగానా?"

"ఇంగెవురుండారు? మునేషు కడుపులో ఉండె."

మామ గొడుగును ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నారు. "మూడు గంటలు నిలబడేసరికే నాకు పానం పోయినట్టయింది ఈ పొద్దు" అన్నారు. "ఆ దినము నేను గనిలో నిద్రపోతి కదమే. వచ్చి నవ్వితి."

"నవ్వేకి నువ్వు వచ్చినావు కదా. అది చాలు నాకు" అంది అత్త.

ఆ తరవాత మామ ఆ కథ చెప్పడం నేను వినలేదు. ఎవరైనా అడిగినా, "అదేమి కథ లెప్పా" అని మాట మార్చేస్తారు.

అత్త లేచి మోకాళ్లు సర్దుకుంది. "గొడుగు దించు ఇంగ. బిడ్డ వచ్చేసింది, ఆ పువ్వును పండుకోనీ" అంది. మామ గొడుగు మడిచారు. ఎండ చెట్టు మీద పడింది. ఈ ఇంట్లో అత్త నన్ను బిడ్డ అనడం అదే మొదటిసారి. నేను ఏడుస్తూ అక్కడే నిలబడిపోతే ఆమె నా సంచి లాక్కుని, నన్ను లోపలికి తోసింది.

"కాఫీ తాగి నువ్వూ పోయి పండుకో. రాత్రికి డ్యూటీ ఉండాది మీ ఇద్దరికీ."